పాఠకులు అడిగిన పుస్తకం నెట్‌లో వెతికి ఇవ్వడం నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత రిజిస్టర్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. 26 ఏళ్ల సర్వీసు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో లేవకుండానే చెప్పగలను గానీ కంప్యూటర్ అంటే మాత్రం భయం. మా దగ్గర ఒక కంప్యూటర్ ఉంది, నెట్ కూడా ఉంది. ఆఫీసు లెక్కలు పంపాల్సి వచ్చినప్పుడు పక్క బ్రాంచి నుంచి ఒక తమ్ముడు వచ్చి చూసేవాడు. మిగతా రోజుల్లో నేను దుమ్ము తుడిచి కవరు కప్పేసేదాన్ని.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వైపు నీళ్లొచ్చాయి. కింది రెండు అరలు నానిపోయాయి. పాత తెలుగు పుస్తకాలు అడిగేవాళ్లు తక్కువని వాటినే కింద పెట్టుకున్నాం. తర్వాత ఎండలో ఆరబెట్టినా పేజీలు విడిపోలేదు, ఒక్కో పుస్తకం ఇటుకలా అయిపోయింది. రిజిస్టర్‌లో వాటి నంబర్ల మీద ఎర్ర ఇంకుతో గీత గీసింది నేనే.

పోయిన వారం రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. ఎప్పటినుంచో మా పాఠకులు. పల్నాటి చరిత్ర మీద పాత పుస్తకం ఒకటి కావాలని చీటీ మీద రాసుకొచ్చారు. "వరదలో పోయిందండీ మాస్టారూ" అన్నాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లబోతుంటే, పేపరు చదువుకుంటున్న డిగ్రీ అమ్మాయి లేచి ఫోన్ తీసింది. రెండు నిమిషాల్లో అదే పుస్తకం చూపించింది. మాస్టారు ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని చూశారు, అక్షరాలు ఆనలేదు. అమ్మాయికి బస్సు టైమైంది, వెళ్లిపోయింది. ఆయనా వెళ్లిపోయారు. ఏ సైట్‌లో చూపించిందో అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను లేదన్న పుస్తకం ఉంది. ఇన్నేళ్లలో ఇంకెంతమందిని అలా లేదని పంపేశానో. నేర్చుకుంటాను. దయచేసి మెల్లగా, మొదటి మెట్టు నుంచి చెప్పండి.

తాటాకు (గుంటూరు)

అక్కా, నమస్తే. నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఉంటాను. ముందు ఒక మాట. మీరు కంప్యూటర్ కోర్సు ఏమీ చేయక్కర్లేదు. మీకు అరలు తెలుసు. నెట్‌లో కూడా అరలే ఉంటాయి, వాటి పేర్లు తెలిస్తే చాలు. రోజుకొకటి చూడండి.

మొదటిది ఇంటర్నెట్ ఆర్కైవ్. ప్రపంచం మొత్తానికీ ఉచితం. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ఆ అమ్మాయి చూపించింది బహుశా ఇందులోదే. పాత పుస్తకాలు నేరుగా దించుకోవచ్చు. కొన్ని కొత్తవాటికి మాత్రం ఉచితంగా ఖాతా తెరిచి గంటసేపు అరువు తీసుకోవాలి. మనం 15 రోజులకి ఇస్తాం, వాళ్లు గంటకి ఇస్తారు. పద్ధతి ఒకటే.

రెండోది జాతీయ డిజిటల్ గ్రంథాలయం, అందరూ ఎన్‌డీఎల్‌ఐ అంటారు. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు నడుపుతున్నారు, 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. ఇది మన కార్డు కేటలాగు లాంటిది. పుస్తకం చాలాసార్లు వేరే చోట ఉంటుంది, ఇది దారి చూపిస్తుంది. అందుకే కొన్ని నొక్కితే తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. తెరుచుకోకపోతే తప్పు మీది అనుకోవద్దు.

మూడోది తెలుగు వికీసోర్స్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పాత పుస్తకాన్ని పేజీ పేజీగా టైపు చేసి, పక్కనే స్కాన్ బొమ్మ పెట్టి, ఒకరు దిద్దితే పసుపు రంగు, రెండో మనిషి కూడా సరిచూస్తే ఆకుపచ్చ రంగు వేస్తారు. పాఠకుడికి ఇచ్చే ముందు ఆ రంగు చూసుకోండి.

ఎవరైనా పాత పదానికి అర్థం అడిగితే ఆంధ్రభారతి తెరవండి. ఒక్క మాట కొడితే బ్రౌణ్యము (బ్రౌన్ దొర నిఘంటువు), శబ్దరత్నాకరము ఇంకా చాలా నిఘంటువులు ఒకేసారి వెతికి పెడుతుంది. మా తెలుగు శాఖ పిల్లలు రోజూ వాడతారు.

టైపింగ్ రాదని ఆగిపోవద్దు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే దాని మీద మైకు బొమ్మ ఉంటుంది. నొక్కి పుస్తకం పేరు చెప్పండి, అదే రాసుకుంటుంది.

మూడో బెంచీ (విజయవాడ)

నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రోజూ పొద్దున లైబ్రరీ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుంటాను. మేడమ్, మీరు అడిగారు కాబట్టి పాఠకుల వైపు నుంచి చెప్తున్నాను. మా రీడింగ్ రూములో సగం మంది పోటీ పరీక్షల వాళ్లమే. మాకు కావాల్సింది పాత పుస్తకం కాదు, సరైన పుస్తకం. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వాళ్ల సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. అయినా మావాళ్లు వాటిని జిరాక్స్ షాపుల్లో డబ్బులు పెట్టి కొంటారు. స్కూలు పుస్తకాల మీద ఉండే చదరపు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో పాఠం తెరుచుకుంటుందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నోటిఫికేషన్ అయినా, కీ అయినా కమిషన్ సొంత సైట్‌లో చూసుకోవాలి.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌ల వల్ల నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. సిలబస్ మారిందని ఒక ఫైలు వచ్చింది. నమ్మి ఆరు వారాలు చదివాను. అది పాతదే, మీద సంవత్సరం మార్చారు. ఆ రోజు లైబ్రరీలో ఎవరైనా "అసలు సైట్‌లో చూద్దాం రా బాబూ" అని ఉంటే ఆ ఆరు వారాలు మిగిలేవి. మీరు అదొక్కటి చేసినా మాకు చాలు.

కాగితం వాసన (తెనాలి)

నేను గ్రంథాలయ శాఖలో చేసి రిటైరయ్యాను. అమ్మాయి నేర్చుకుంటానంటే కాదనను. కానీ ఒక సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జనం కడుతున్నారు. ఆ డబ్బు పుస్తకాలకూ, మనుషులకూ రావాలి. రేపు ఎవరో పైనుంచి "అన్నీ నెట్‌లో ఉన్నాయి కదా, పుస్తకాలు కొనడం ఎందుకు, మనిషి ఎందుకు" అంటారు. ఖాళీ పోస్టులు ఖాళీగానే ఉండటం చూస్తూ వచ్చినవాణ్ని. వరదలో పోయిన పుస్తకాల బదులు మళ్లీ కొనమని రాశారా? ముందు ఆ కాగితం పెట్టండమ్మా. డిజిటల్ తర్వాత.

కాలువగట్టు (విజయవాడ)

పెద్దాయన చెప్పిన భయం నిజమే. పుస్తకాలు కావాలని ఇండెంటు పెట్టాల్సిందే. కానీ "డిజిటల్ తర్వాత" అన్న మాట ఒప్పుకోలేను, సార్.

మన జిల్లాల్లో గ్రంథాలయం అంటే ఎప్పుడూ మనిషి దగ్గరికి వెళ్లడమే. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. దాని కోసం తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల పెట్టెలు పడవకెక్కించి గుంటూరు జిల్లా కాలువ వెంట ఊరూరికీ చేర్చారు. రోడ్డు లేని లంక ఊళ్లకి కాలువే దారి. పడవ వచ్చిందని ఎవరూ పుస్తకం మానలేదు.

ఇవాళ మాస్టారి కళ్లకి ఆనని అక్షరాన్ని పెద్ద తెర మీద పెంచి చూపించడం కూడా అదే పని. అది చేయడానికి మనిషే కావాలి. మనిషి ఎందుకు అనేవాళ్లకి చూపించాల్సిన జవాబు కూడా అదే.

పాత రిజిస్టర్ (విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన గారూ, మీరు చెప్పాక పోయిన పుస్తకాల జాబితా రాసి ఇండెంటుతో పంపాను. 212 పేర్లు.

ఇవాళ మధ్యాహ్నం పాఠకులు తగ్గాక కవరు తీశాను. తాటాకు గారు చెప్పినట్టు ఇంటర్నెట్ ఆర్కైవ్ తెరిచాను. ఫోన్‌లో మైకుకి పుస్తకం పేరు చెప్పి, వచ్చిన అక్షరాలు చూసి కంప్యూటర్‌లో తెలుగులో కొట్టడానికి 20 నిమిషాలు పట్టింది. ఫలితాలు లేవని వచ్చింది. రచయిత పేరు కొట్టాను. అదీ లేదు. ఆ అమ్మాయి ఫోన్‌లో నా కళ్లారా చూశాను కదా, ఎందుకు రావట్లేదు?

ఇంకో సంగతి కూడా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఏదైనా తప్పు నొక్కితే అక్కడున్న పుస్తకం పోతుందేమోనని చెయ్యి వణుకుతుంది. వరదలో ఒకసారి పోగొట్టుకున్నాం. మౌస్ పట్టుకుంటే అదే గుర్తొస్తోంది.

స్కానర్ గది (హైదరాబాద్, సొంతూరు మంగళగిరి)

అమ్మగారూ, ముందు రెండో మాటకి జవాబు. మీరు ఎన్నిసార్లు ఏది నొక్కినా అక్కడి పుస్తకం పోదు. మీకు కనిపించేది దాని నకలు. అసలు ఫైలుని చెరిపే అధికారం చదివేవాళ్లకి ఉండదు. నిశ్చింతగా నొక్కండి.

ఇక పుస్తకం ఎందుకు దొరకలేదో నాకు బాగా తెలుసు. ఆ పనిలో కొన్నాళ్లు ఉన్నాను. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి ఆలోచనతో 2000ల మొదట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల పాత పుస్తకాలు లక్షల్లో స్కాన్ చేశారు. తర్వాత ఆ సైటు ఆగిపోయింది. అప్పటికే చాలా పుస్తకాల్ని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చారు. అలా బతికాయి.

చిక్కు ఏమిటంటే, పేర్లు తెలుగులో ఎక్కించలేదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొట్టారు. 'చరిత్ర' అన్న మాటే తీసుకోండి. మొదట్లో సీ తర్వాత హెచ్ పెట్టినవాళ్లు ఉన్నారు, పెట్టనివాళ్లు ఉన్నారు. చివర 'ము' చేర్చినవాళ్లు, వదిలేసినవాళ్లు. దీర్ఘానికి రెండు ఏ-లు కొట్టినవాళ్లు, ఒకటితో సరిపెట్టినవాళ్లు. కొన్నిటికి అక్షరాల మధ్య చుక్కలూ, అపాస్ట్రఫీ గుర్తులూ కూడా ఉంటాయి. పుస్తకం అక్కడే ఉంటుంది, పేరు మాత్రం మారువేషంలో ఉంటుంది.

కాబట్టి పూర్తి పేరు కొట్టొద్దు. పేరులో అందరూ ఒకేలా రాసే ముక్క ఒకటి తీసుకోండి, లేదా రచయిత ఇంటిపేరు ఒక్కటే ఇంగ్లీషులో కొట్టండి. పక్కన భాష అని ఉన్నచోట తెలుగు ఎంచుకోండి. అప్పుడు వచ్చినవన్నీ ఒక్కొక్కటే తెరిచి లోపలి అట్ట చూడండి. పేరు ఒకటి పెట్టి వేరే పుస్తకం స్కాన్ చేసినవి కూడా కొన్ని ఉన్నాయి, అందుకే లోపలి అట్ట చూడకుండా పాఠకుడికి ఇవ్వొద్దు. దొరికాక ఆ పేజీ చిరునామా రిజిస్టర్‌లో రాసి పెట్టుకోండి. మళ్లీ వెతకడం ఉండదు.

మూడో బెంచీ (విజయవాడ)

ఒక డౌట్. ఇలా దొరికినవి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వొచ్చా, ప్రింటు తీయొచ్చా? మా ఫ్రెండ్స్ ఏది కనిపిస్తే అది పంచేస్తారు.

తాటాకు (గుంటూరు)

మంచి ప్రశ్న. మన దేశంలో రచయిత చనిపోయాక, ఆ మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. ఆ తర్వాత ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, పంచుకోవచ్చు. మన గుంటూరు లెక్కలోనే చెప్తాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు. ఆయన రచనలు 2019 నుంచి అందరివీ. జాషువా గారు 1971లో పోయారు, కాబట్టి 2031 చివరిదాకా హక్కులు ఉంటాయి. ఆయన పుస్తకం నెట్‌లో కనిపించినంత మాత్రాన ప్రింటు తీసి పంచకూడదు. మన అరలో ఉన్నది చదివించండి, లేకపోతే కొనండి.

పిల్లలకైతే ఈ బాధ లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. తెలుగు బొమ్మల కథలు బోలెడు. రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల పేర్లు తీసేయకుండా ప్రింటు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు.

వినికిడి (గుంటూరు)

నాకు చూపు లేదు. ఈ చర్చ మొత్తం ఫోన్‌లోని టాక్‌బ్యాక్ చదివి వినిపించింది. నా మాట కూడా వినండి.

చిన్నప్పుడు మా నాన్న నన్ను సైకిల్ మీద లైబ్రరీకి తీసుకెళ్లేవారు. ఆయన చదివేవారు, నేను వినేవాణ్ని. ఆయన పోయాక మళ్లీ ఒంటరిగా ఒకే ఒక్కసారి వెళ్లాను. అక్కడ ఉన్నాయన మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ వేశారు. కానీ "మీకు ఇక్కడ ఏముంటుంది బాబూ" అన్నారు. ఆయనకి తెలియక అన్న మాటే. కానీ ఆ తర్వాత వెళ్లలేదు.

ఉంది, మేడమ్. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైంది. చూపులేనివాళ్లకి, అచ్చు చదవలేనివాళ్లకి ప్రత్యేకంగా నడుపుతున్న ఆన్‌లైన్ గ్రంథాలయం. అందులో సభ్యత్వం తీసుకోవడానికి వైకల్య ధ్రువపత్రం జతచేయాలి. నాలాంటివాళ్లు చాలామంది ఆ మొదటి ఫారం దగ్గరే ఆగిపోతారు. పక్కన ఒక మనిషి ఉంటే అది పది నిమిషాల పని.

ఇంకొకటి. స్కాన్ చేసిన పీడీఎఫ్ నాకు పనికిరాదు. అది ఫొటో. టాక్‌బ్యాక్ దాన్ని తాకి ఊరుకుంటుంది, ఒక్క అక్షరం పలకదు. వికీసోర్స్‌లో టైపు చేసిన పేజీ అయితే మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. తాటాకు గారు చెప్పిన ఆ పసుపు, ఆకుపచ్చ పేజీలు నాకు కనిపించవు గానీ, వాటి వెనక ఎవరో కూర్చుని అక్షరం అక్షరం కొట్టారని నాకు తెలుసు. మీ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ వేయించండి. ఉచితం. తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. ఒక హెడ్‌ఫోన్ ఉంటే నాలాంటివాడు వచ్చి కూర్చోగలడు.

కాగితం వాసన (తెనాలి)

వినికిడి గారి మాట చదివాను. నేను పైన "డిజిటల్ తర్వాత" అన్నాను. వీరి విషయంలో అది తప్పు. నా సర్వీసులో చూపులేని పాఠకుడు ఒక్కరు కూడా సభ్యత్వం అడగలేదు. రాలేదు కాబట్టి అవసరం లేదనుకున్నాం.

పాత రిజిస్టర్ (విజయవాడ)

మూడు వారాలు రాయలేదు, క్షమించండి. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు కూర్చుంటున్నాను. ఆఫీసు వాడకానికి ఇచ్చిన లాంగ్‌నోట్‌బుక్ ఒకటి మిగిలి ఉంటే దానికి గీతలు కొట్టి కొత్త రిజిస్టర్ చేశాను. తేదీ, ఎవరు అడిగారు, ఏమడిగారు, ఎక్కడ దొరికింది, ఏ స్పెల్లింగుతో దొరికింది. ఆ చివరి గడి స్కానర్ గది గారి పుణ్యమే. ఇప్పటికి 31 ఎంట్రీలు. తొమ్మిదింటి ఎదురుగా దొరకలేదు అని ఉంది, అవి కొట్టేయలేదు, వదిలి పెట్టాను.

మాస్టారి పుస్తకం నాలుగో రోజు దొరికింది. ఇంటిపేరు ఒక్కటే కొట్టాను. 40 దాకా వచ్చాయి. ఒక్కొక్కటీ తెరుస్తూ పోతే పదిహేడోది అదే. లోపలి అట్ట వచ్చేసరికి కాసేపు కదల్లేకపోయాను. పేజీ మీద గుండ్రటి ఊదా రంగు ముద్ర ఉంది, ఏదో గ్రంథాలయానిది, సగం చెరిగిపోయింది. దాని కింద ఇంకు పెన్నుతో అక్సెషన్ నంబరు, అంటే రిజిస్టర్‌లో పుస్తకానికి ఇచ్చే నంబరు, ఏడు అంకెకి అడ్డగీత పెట్టి. నేనూ ఏడు అలాగే రాస్తాను. ఎక్కడో మనలాంటి మనిషి ఎవరో బల్ల ముందు కూర్చుని ఆ ముద్ర వేశారు, ఆ నంబరు రాశారు. ఆ పుస్తకమే నా తెర మీదికి వచ్చింది.

మాస్టారికి ఫోన్ చేశాను. మర్నాడు పదింటికే వచ్చారు. పేజీ పెద్దది చేసి ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. రెండు గంటలు చదివారు. మధ్యలో ఒకసారి మాత్రం పిలిచారు, "అమ్మా, ఈ పేజీ తిప్పడం ఎలా?" అని. బాణం గుర్తు చూపించాను. నేను ఒకరికి కంప్యూటర్‌లో ఏదైనా చూపించడం అదే మొదటిసారి. రచయిత పోయి 60 ఏళ్లు ఎప్పుడో దాటాయని చూసుకుని, ఆయనకి కావాల్సిన ఒక అధ్యాయం ప్రింటు తీసి ఇచ్చాను.

వినికిడి గారూ, ఎన్‌వీడీఏ వేయించాం. పక్క బ్రాంచి తమ్ముడు వేశాడు. హెడ్‌ఫోన్ నేనే కొన్నాను. మా వీధిలో చూపులేని అబ్బాయి ఒకడు ఇంటర్ చదువుతున్నాడు. వాళ్లమ్మతో మాట్లాడాను. వచ్చే వారం ధ్రువపత్రం తీసుకుని వస్తారు, సుగమ్య ఫారం నింపుతాం. ఎక్కడైనా ఆగితే ఇక్కడ అడుగుతాను, ఉంటారు కదా.

ఇప్పుడు కొత్తగా ఒకటి వచ్చింది. కృష్ణా డెల్టా కాలువల మీద పీహెచ్‌డీ చేసిన సిద్ధాంత గ్రంథం ఏదైనా ఉందా అని ఒక అబ్బాయి అడిగాడు. శనివారం వస్తానన్నాడు. ఆర్కైవ్‌లో చూశాను, లేదు.

తాటాకు (గుంటూరు)

అక్కా, దానికి వేరే అర ఉంది. శోధగంగ. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాళ్లది. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు అందులో పెడతారు, ఖాతా లేకుండానే చదవొచ్చు. యూనివర్సిటీల జాబితాలో ఆచార్య నాగార్జున తెరిచి చరిత్ర, అర్థశాస్త్రం, భూగోళం శాఖలు చూడండి. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. 'డెల్టా' అన్న మాటకి స్పెల్లింగు ఒకటే కాబట్టి ముందు దానితో వెతకండి. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉంటుంది, అన్నీ దించుకోవాలి.

పాత రిజిస్టర్ (విజయవాడ)

రాసుకున్నాను తమ్ముడూ. ఎంట్రీ 32. రేపు రెండింటికి వెతుకుతాను.